పార్టీకి ఘాటైన చీజ్ రోల్స్... అమ్మ కూడా హాల్లోనే!

మీ ఇంట్లో పుట్టినరోజు ఫొటోల ఆల్బమ్ ఒకసారి తీసి చూడండి. కేకు ముందు పాప ఉంటుంది. పక్కన నాన్న, వెనకాల తాతయ్య, నాయనమ్మ. చుట్టూ రంగు టోపీలు పెట్టుకున్న పిల్లలు. మరి అమ్మ ఏదీ? మా ఆల్బమ్‌లో అయితే నేనూ ఉన్నాను లెండి... వంటింటి గుమ్మం దగ్గర నా చీర చెంగు మాత్రం పడింది!

మా అమ్మాయి అయిదో పుట్టినరోజు అది. అప్పుడు విజయవాడలో అద్దె వాటాలో ఉండేవాళ్లం. మావారి ఆఫీసువాళ్లు, అత్తగారి తరఫువాళ్లు, వీధిలో పిల్లలు కలిసి పాతికమంది. ఎప్పుడూ పకోడీలు, మిక్చరేనా, ఈసారి కొత్తగా చేద్దామని చీజ్ రోల్స్ పెట్టుకున్నాను. సాయంత్రం ఆరింటికి మొదటి వాయి నూనెలో వేశానో లేదో, ఒక్కొక్కటే నోరు తెరిచింది. చీజంతా నూనెలోకి జారి బుసబుసా పొంగింది. చిటపటమంటూ మోచేతి దాకా చిందింది. చిల్లుల గరిటెతో పైకి తీస్తే లోపలేమీ లేని బ్రెడ్డు గొట్టాలు! నేను మళ్లీ పిండి కలుపుకుంటూ ఉండగానే హాల్లో "హ్యాపీ బర్త్ డే" పాట వినిపించింది. పరుగెత్తుకుని వెళ్లేసరికి కేకు కోసేశారు.

ఆ రోజు కాలిన మచ్చ ఎప్పుడో పోయింది. పాట అయిపోయాక వెళ్లానన్న బాధ మాత్రం పోలేదు. ఆ తర్వాత ఈ రోల్స్‌తో చాలా కుస్తీ పట్టాను. ఎందుకు విచ్చుకుంటున్నాయి, ఎందుకు నూనె పీలుస్తున్నాయి, ముందురోజే చేసి ఎలా దాచుకోవాలి... ఒక్కొక్కటే తెలుసుకున్నాను. అవన్నీ మీకూ చెబుతాను. మీరు మాత్రం కేకు కోసేటప్పుడు హాల్లో ఉండండి.

ముందు చీజ్ సంగతి

ఒకప్పుడు చీజ్ అంటే డబ్బాలో వచ్చేది, పట్నంలో పెద్ద షాపుకి వెళితేనే దొరికేది. ఇప్పుడు మన వీధి చివర కొట్లో కూడా క్యూబులు, స్లైసులు, తురుము అమ్ముతున్నారు. కొనేముందు ఏది దేనికో తెలుసుకుంటే డబ్బు వృథా కాదు.

క్యూబుల్లో వచ్చేది ప్రాసెస్డ్ చీజ్. చీజ్‌ని కరిగించి, కొవ్వూ నీరూ విడిపోకుండా కొన్ని లవణాలు కలిపి మళ్లీ గడ్డ కట్టిస్తారు. అందుకే అది వేడికి మెత్తగా, ముద్దలా కరుగుతుంది. రుచి ఎక్కువ, ఉప్పూ ఎక్కువే. పిజ్జా మీద తీగలు సాగేది మొజరెల్లా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, రుచి మాత్రం చప్పన. పన్నీరేమో ఎంత వేడి చేసినా కరగదు. ఈ కరగని గుణమే మన రోల్స్‌కి పెట్టని కోట! ఉత్త చీజ్ పెడితే కరిగి దారి వెతుక్కుంటుంది. అందులో కాస్త పన్నీరు, ఒక ఉడికించిన బంగాళాదుంప కలిపారనుకోండి, కరిగిన చీజ్‌ని అవి పట్టి ఉంచుతాయి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. ధారాళంగా ఉండాలని వట్టి చీజ్ కూరేశాను.

డబ్బా మీద లేబుల్ చదవడం మరిచిపోకండి. చౌకగా ఉందని కొన్నదాని మీద 'అనలాగ్' అని రాసి ఉంటే అది పూర్తిగా పాలతో చేసింది కాదని అర్థం. స్ప్రెడ్ రకాలు రోల్స్‌కి పనికిరావు, మరీ పల్చగా కరిగిపోతాయి.

కారం ఎక్కడుంది?

మనం కారానికి భయపడేవాళ్లం కాదు, నిజమే. కానీ పార్టీ అంటే పిల్లలూ ఉంటారు, కారం పడని పెద్దవాళ్లూ ఉంటారు. మిరపకాయలో ఘాటంతా గింజల్లో ఉందని మనమంతా అనుకుంటాం. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది అసలు మంట. గింజలకి దాని స్పర్శ వల్ల అంటుకుంటుందంతే. కాయని నిలువునా చీల్చి చెంచా కొనతో ఆ ఈనె గీకేస్తే ఘాటు బాగా తగ్గుతుంది, పచ్చిమిర్చి వాసన మాత్రం మిగులుతుంది.

ఇంకో చిత్రం. మిరపలోని మంట పుట్టించే పదార్థం కొవ్వులో కరుగుతుంది గాని నీళ్లలో సరిగా కరగదు. అందుకే నోరు మండినప్పుడు చెంబుడు నీళ్లు తాగినా ఉపశమనం ఉండదు, గుక్కెడు పాలో, చెంచాడు పెరుగో తింటే తగ్గుతుంది. చీజ్‌లో కొవ్వూ, పాలలోని మాంసకృత్తులూ రెండూ ఉన్నాయి కాబట్టి కారాన్ని అది బాగా మోస్తుంది. మీరు కూరలో వేసే కొలతే ఇందులో వేస్తే చప్పగా అనిపిస్తుంది. ముద్ద కలిపాక కొద్దిగా నాలుక మీద వేసుకుని, "అబ్బ, కాస్త ఎక్కువైందే" అనిపిస్తే అది సరైన కారం అన్నమాట!

మెక్సికోలో హలపా ఊరి పేరు మీద హలపీన్యో అనే లావుపాటి మిరపకాయ ఉంది. అమెరికాలో దాని కడుపులో చీజ్ కూరి, పొడి అద్ది వేయించి పార్టీల్లో పెడతారు. అసలు మిరపకాయే ఆ దేశాలది కదా, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దగ్గరికొచ్చి మనదైపోయింది. హలపీన్యో సీసాల్లో ఊరబెట్టినవి మనకీ దొరుకుతున్నాయి గాని అంత ఖర్చెందుకు? మన బజ్జీ మిరపకాయ ఉందిగా! దళసరి కండ, తక్కువ ఘాటు. ఇంతకన్నా ఇంకేం కావాలి?

ఇక నా రహస్యం చెప్పనా? ఊర మిరపకాయలు. కొందరు చల్ల మిరపకాయలంటారు. పప్పన్నంలో నంజుకోడానికి వేయించుకుంటామే, అవే. నాలుగు నల్లగా కరకరలాడేలా వేయించి, చేత్తో నలిపి చీజ్ ముద్దలో కలపండి. మజ్జిగ పులుపు, ఉప్పు, వేగిన మిరప కమ్మదనం... వచ్చినవాళ్లు "ఇందులో ఏం వేశారండీ?" అని అడక్కపోతే చూడండి. వాటిలోనూ, చీజ్‌లోనూ ఉప్పు ఉంది కాబట్టి విడిగా ఉప్పు వేయనే వద్దు.

20 రోల్స్‌కి కావలసిన పదార్థాలు

శాండ్‌విచ్ బ్రెడ్ స్లైసులు - 20
చీజ్ క్యూబులు - 6 (ఒక్కోటి 25 గ్రాములది)
మొజరెల్లా తురుము - 50 గ్రాములు
పన్నీరు - 100 గ్రాములు
ఉడికించిన బంగాళాదుంప - మధ్యరకంది 1
బజ్జీ మిరపకాయలు - 3
పచ్చిమిర్చి - 3
ఊర మిరపకాయలు - 4
ఉల్లికాడల తరుగు - పావు కప్పు
కొత్తిమీర - గుప్పెడు
మిరియాల పొడి - అర చెంచా
వేయించిన జీలకర్ర పొడి - అర చెంచా
మైదా - అర కప్పు
బ్రెడ్ పొడి లేక నలిపిన సన్న సేమ్యా - ఒకటిన్నర కప్పు
నూనె - వేయించడానికి సరిపడా

తయారుచేసే విధానం

చీజ్‌ని ఓ అరగంట డీప్ ఫ్రిజ్‌లో ఉంచి తురిమితే చేతికి అంటుకోకుండా పొడిపొడిగా వస్తుంది. పన్నీరు కూడా తురుముకోండి, అయితే ముందు గుడ్డలో వేసి గట్టిగా నొక్కి నీరంతా తీసేయాలి. బజ్జీ మిరపకాయలు ఈనెలు తీసి సన్నగా తరగండి. కడిగిన కూరలన్నీ పొడిగుడ్డతో తుడవడం ముఖ్యం. రోల్ ఎందుకు పేలుతుందనుకున్నారు? లోపలి తడి ఆవిరై, బయటికి పోయే దారి లేక తన్నుతుంది. నా మొదటి వాయి అలాగే పోయింది. కడిగిన కొత్తిమీర నీళ్లోడుతుండగానే కలిపేశాను.

పదార్థాలన్నీ (మైదా, బ్రెడ్ పొడి కాకుండా) కలిపి, ఇరవై భాగాలు చేసి, చూపుడువేలంత పొడవు కడ్డీల్లా చుట్టుకోండి. పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. చల్లబడి గట్టిపడిన ముద్ద నూనెలో ఆలస్యంగా కరుగుతుంది. ఈలోపు పైపొర బిగుసుకుంటుంది.

ఇప్పుడు బ్రెడ్డు. అంచులు కోసేయండి. పారేయకండేం, అవే ఎండబెట్టి మిక్సీలో వేస్తే బ్రెడ్ పొడి! ఒక్కో స్లైసునీ చపాతీ పీట మీద పెట్టి, అప్పడాల కర్రతో పల్చగా ఒత్తాలి. చాలామంది బ్రెడ్డుని నీళ్లలో ముంచి, అరచేతుల మధ్య పిండి చుడతారు. తేలికైన పద్ధతే, కాదనను. కానీ ఆ తడి వల్ల నూనె తెగ పీలుస్తుంది, తిన్నవాళ్ల చేతులు జిడ్డోడతాయి. నా ఓటు అప్పడాల కర్రకే. బ్రెడ్డు ఆ రోజుదైతే చక్కగా వంగుతుంది. నిన్నటిదైతే విరుగుతుంది. అలాంటప్పుడు తడిపి పిండిన గుడ్డలో అయిదు నిమిషాలు చుట్టి ఉంచితే దారికొస్తుంది.

రెండు చెంచాల మైదా నాలుగు చెంచాల నీళ్లలో కలిపి జిగురు తయారుచేసుకోండి. స్లైసు ఒక అంచున చీజ్ కడ్డీ పెట్టి, మధ్యలో గాలి లేకుండా బిగించి చుట్టండి. చివరి అంచుకి జిగురు రాసి అతికించండి. రెండు పక్కలా కూడా జిగురు రాసి వేళ్లతో నొక్కి మూసేయాలి. అసలు లీకయ్యేది ఈ పక్కల్లోంచే! మిగిలిన మైదాని పల్చటి మజ్జిగలా జారుగా కలిపి, రోల్‌ని అందులో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించండి. సేమ్యా నలిపి దొర్లిస్తే ముళ్లపందిలా సరదాగా కనిపిస్తుంది, కరకరా ఎక్కువ. ఓపిక ఉంటే మరోసారి ముంచి దొర్లించండి. రెండు కోట్లు పడ్డ రోల్ విచ్చుకోవడం నేనింతవరకూ చూడలేదు.

అన్నీ పళ్లెంలో అతుక్కోకుండా సర్ది, కనీసం అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. తొందరపడి ఈ అరగంట మిగుల్చుకుందామనుకోకండి.

నూనె దగ్గర

లోతైన మూకుట్లో సగానికి మించకుండా నూనె పోయండి. సరిగ్గా కాగిందో లేదో తెలియాలంటే ఒక బ్రెడ్డు ముక్క వేయండి. వెంటనే తేలి, బుడగలతో అర నిమిషం దాటాక బంగారు రంగుకి వస్తే సరిపోయినట్టు. థర్మామీటరు ఉంటే 175 నుంచి 180 డిగ్రీలు. వేడి చాలకపోతే పైపొర గట్టిపడేలోగా చీజ్ కరిగి బయటికొస్తుంది. పొగలొచ్చేంత కాగితే పైన మాడి, లోపల చల్లగా ఉండిపోతుంది.

ఒక్కసారి నాలుగైదుకి మించి వేయకండి. చల్లటివి ఎక్కువ పడితే నూనె వేడి చప్పున దిగిపోతుంది. మాటిమాటికీ గరిటెతో కదపకుండా, ఒకసారి తిప్పి, రెండు మూడు నిమిషాల్లో దోరగా వేగాక తీసేయండి. తీసినవి వార్తాపత్రిక మీద వేసే అలవాటు మనందరికీ ఉంది. నాకూ ఉండేది. అచ్చు సిరా ఆహారంలోకి చేరుతుందని, తినే వస్తువులు పేపర్లలో పెట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2016 డిసెంబరులో హెచ్చరించింది. టిష్యూ కాగితమైనా సరే, లేదంటే జల్లెడ బోర్లించి దాని మీద ఆరబెట్టినా సరే.

వేయించాక మిగిలిన నూనెలో బ్రెడ్ పొడి మాడి అడుగున చేరుతుంది. వడకట్టి, మర్నాడు తాలింపులకి వాడేసి ఖర్చు చేసేయండి. మళ్లీ మళ్లీ కాచకండి.

ఒకవేళ ప్రమాదవశాత్తూ నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకండమ్మా! మంట ఎగిసిపడుతుంది. స్టవ్ కట్టేసి, పెద్ద మూతతో కప్పేయండి. చెయ్యి కాలితే కుళాయి నీళ్ల ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. నేనా రోజు టూత్‌పేస్టు రాసుకున్నాను. అది చేయకూడని పని అని తర్వాత డాక్టరమ్మ చివాట్లు పెడితే తెలిసింది.

ఇంకో మాట. పిల్లల చేతికి వెంటనే ఇవ్వకండి. పైన చల్లారినట్టే ఉంటుంది, లోపల చీజ్ మాత్రం నిప్పులా ఉండి నాలుకకి అంటుకుపోతుంది. నాలుగైదు నిమిషాలాగి, ఒకటి విరిచి చూసి అప్పుడివ్వండి.

ముందురోజే సగం పని

పన్నెండుమంది పిల్లలు, పదిమంది పెద్దలు వస్తున్నారనుకుందాం. పిల్లలకి తలా రెండు మూడు, పెద్దలకి మూడు చొప్పున అరవై చేస్తే సరిపోతాయి. అంటే పై కొలతకి మూడు రెట్లు. వాయికి అయిదు చొప్పున పన్నెండు వాయిలు, వాయికి మూడు నిమిషాలు. అటూ ఇటూగా నలభై నిమిషాలు మీరు స్టవ్ ముందే! ఇక్కడే మోసపోతాం. "ఎంతసేపు, చిటికెలో వేయించేస్తాను" అనుకుంటాం.

అందుకని పార్టీకి రెండురోజుల ముందు, పిల్లలు బడికెళ్లాక తీరిగ్గా రోల్స్ చుట్టి పెట్టుకోండి. పళ్లెంలో విడివిడిగా డీప్ ఫ్రిజ్‌లో గట్టిపడేదాకా ఉంచి, తర్వాత మూతడబ్బాలోకి మార్చండి. రెండు వారాలదాకా బాగుంటాయి. వేయించేటప్పుడు బయటపెట్టి కరగనివ్వకండి, బ్రెడ్డు చెమర్చి మెత్తబడిపోతుంది. గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే నూనెలో వేయాలి. పైన మంచు పొడి ఉంటే దులిపి, వాయికి మూడేసి మాత్రం, మంట కాస్త తగ్గించి మరో నిమిషం ఎక్కువ ఉంచండి.

ఓవెన్ ఉన్నవాళ్ల అదృష్టమే అదృష్టం. బ్రెడ్ పొడిలో ముందే రెండు చెంచాల నూనె కలిపి దొర్లించండి. 200 డిగ్రీల వేడిలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. గడ్డకట్టినవైతే ఇంకో అయిదు నిమిషాలు. రెండు ట్రేలు సర్దామంటే పాతిక ముప్ఫై ఒకేసారి అయిపోతాయి, మీరు వెళ్లి పట్టుచీర కట్టుకోవచ్చు. నూనెలో వేగినంత రుచి ఉంటుందా అంటే... ఉండదు. ఉన్నమాట చెప్పాలి కదా! కానీ చల్లారినా జిడ్డు తేలవు. అత్తగారికి, మామగారికి అవే ఇవ్వండి.

ఓవెన్ లేకపోతే మావారు చేసినట్టు చేయించండి. రెండో పుట్టినరోజు పార్టీనాటికి ఆయన చేతికి చిల్లుల గరిటె ఇచ్చి, "పాట అయ్యేవరకూ మీరే" అన్నాను. మొదట మొహం మాడ్చుకున్నారు. రెండు వాయిలయ్యాక స్నేహితుల్ని కూడా వంటింట్లోకి పిలిచి తన నైపుణ్యం చూపించుకున్నారు. ఆ సాయంత్రం వంటింట్లోనే పెద్ద సందడి.

నూనె లేకుండా చక్రాలు

స్టవ్ జోలికే వెళ్లొద్దనుకుంటే ఇవి చేయండి. గట్టి పెరుగుని గుడ్డలో కట్టి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో వేలాడదీయండి. నీరు పోయి మిగిలిన మీగడలాంటి ముద్ద అర కప్పు తీసుకుని, రెండు చీజ్ క్యూబుల తురుము, సన్నగా తరిగిన బెంగుళూరు మిర్చి, పచ్చిమిర్చి, ఊర మిరపకాయల పొడి కలపండి. పెద్దగా, పల్చగా, మెత్తగా కాల్చి చల్లార్చిన మైదా చపాతీకి ముందు పుదీనా పచ్చడి, దానిమీద ఈ ముద్ద రాయండి. చాప చుట్టినట్టు బిగించి చుట్టి, పల్చటి ప్లాస్టిక్ కాగితంలో పొట్లం కట్టి, రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. తర్వాత పదునైన కత్తితో అంగుళం మందాన కోయండి. ప్రతి కోతకీ కత్తి తుడుచుకుంటే చక్రం అంచులు శుభ్రంగా వస్తాయి. తలా ఒక టూత్‌పిక్ గుచ్చి పళ్లెంలో పేర్చండి. పచ్చ, తెలుపు చుట్లతో కళ్లకీ విందే. అయితే పెరుగుతో చేసినవి కాబట్టి, మన ఎండల్లో గంటకి మించి బయట ఉంచకండి.

ఒకే పళ్లెంలో కారంవీ, చప్పవీ కలిస్తే చిన్నపిల్లలు ఏడుపు లంకించుకుంటారు. పిల్లలవి పొడుగ్గా, పెద్దలవి పొట్టిగా చుట్టండి. లేదా కారం రోల్స్‌ని మాత్రమే ఎండుమిరప పలుకులు కలిపిన పొడిలో దొర్లించండి. ఎర్రచుక్కలు చూసి ఎవరికి వారే తెలుసుకుంటారు. నంజుకోవడానికి టొమాటో సాస్ ఎలాగూ ఉంటుంది. నన్నడిగితే చింతపండు, బెల్లం చట్నీ దీనికి సరైన జోడీ. చీజ్ జిడ్డుని ఆ పులుపు కోసేస్తుంది.

మిగిలిపోయిన రోల్స్‌ని మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకండి, రబ్బరులా సాగుతాయి. పెనం మీద సన్నటి సెగన మూతలేకుండా అటూ ఇటూ దొర్లిస్తే మళ్లీ కరకరలాడతాయి. చుట్టకుండా మిగిలిన చీజ్ ముద్ద ఉందా? పొద్దున్నే దోసె మీద పరిచి మడతేయండి. మా అమ్మాయి ఇప్పటికీ పుట్టినరోజు కన్నా ఆ మర్నాటి దోసె కోసమే ఎదురుచూస్తుంది.